విమానం టికెట్: తక్కువ రేటు ఎప్పుడు మంచిది, ఎప్పుడు కాదు

ఈ నెల మన శీర్షికకి వచ్చిన మెయిల్స్‌లో ఎక్కువ భాగం విమానం టికెట్ల గురించే. ఆగస్టులో పిల్లలు చదువులకి వెళ్తారు, డిసెంబర్లో సెలవులకి వస్తారు, మధ్యలో అమ్మానాన్నలు పురుళ్లకీ గృహప్రవేశాలకీ వెళ్తుంటారు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఎప్పుడు లీవు దొరికితే అప్పుడు వస్తారు, అంటే మన ఇళ్లల్లో ఇది ఏడాది పొడుగునా ఉండే పనే. అందుకని ఈసారి మొత్తం వీటికే ఇచ్చేస్తున్నా.

ప్రశ్న: నమస్తే అండీ. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది, నెలలు నిండుతున్నాయి, నేనూ మావారూ వెళ్లాలి. ఇద్దరికీ అరవై దాటాయి, ఇంగ్లిష్ అంతంతమాత్రం. వీసాలు వచ్చేశాయి. అల్లుడు గారు గూగుల్ ఫ్లైట్స్‌లో చూసి రెండు పంపించారు. ఒకటి హైదరాబాద్ నుంచి దోహా మీదుగా డాలస్. ఇంకోటి రెండు చోట్ల ఆగేది, మనిషికి ఇరవై రెండు వేలు తక్కువ, కానీ కింద సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ అని ఏదో రాసుంది. అసలే వాళ్లకి ఖర్చుల సమయం, ఇంకా ఖర్చు పెట్టించడం ఇష్టం లేక తక్కువదే బుక్ చేయమందాం అనుకుంటున్నాం. సరేనా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: వద్దమ్మా, అది తీసుకోకండి. సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ అని ఉందంటే అది ఒక టికెట్ కాదు, ఒకదానికొకటి సంబంధం లేని రెండు టికెట్లని పక్కపక్కన పెట్టి రెండిటి రేటూ కలిపి చూపిస్తున్నారన్నమాట. మధ్యలో దిగిన ఊళ్లో మీ సూట్‌కేసులు వాటంతటవే రెండో విమానంలోకి వెళ్లవు, మీరే ఇమిగ్రేషన్ దాటి బయటికొచ్చి, బెల్టు దగ్గర సామాను తీసుకుని, మళ్లీ ఇంకో ఎయిర్‌లైన్ కౌంటర్‌కి వెళ్లి చెక్-ఇన్ చేసి, మళ్లీ సెక్యూరిటీ దాటాలి, ఇదంతా తెలియని ఊళ్లో, తెలియని భాషలో. పైగా అలా బయటికి రావాలంటే ఆ దేశం వీసా కావాల్సి రావచ్చు, అది లేకపోతే మిమ్మల్ని హైదరాబాద్ కౌంటర్లోనే ఆపేస్తారు. ఇంకా పెద్ద ఇబ్బంది ఏంటంటే మొదటి విమానం లేటయ్యి రెండోది వెళ్లిపోయిందనుకోండి, రెండో ఎయిర్‌లైన్ లెక్కలో మీరు రానివాళ్ల కిందే జమ, అప్పటికప్పుడు కొత్త టికెట్ కొనుక్కోవాలి, ఆ టికెట్ ముందు ఈ ఇరవై రెండు వేలు ఏ మూలకి? కొన్ని సైట్లు మేం గ్యారంటీ ఇస్తాం అంటాయి గానీ అది ఆ సైటు ఇచ్చే మాటే, ఎయిర్‌లైన్ బాధ్యత కాదు, అర్ధరాత్రి ఎయిర్‌పోర్టులో నిలబడి ఆ సైటు కస్టమర్ కేర్‌కి మీరు ఫోన్ చేసి మాట్లాడగలరా చెప్పండి.

అదే ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్ఆర్‌లో దోహా మీదుగా వెళ్తే హైదరాబాద్‌లో వేసిన సామాను దోహాలో మీరు ముట్టుకోనక్కర్లేదు, మొదటి విమానం లేటయ్యి రెండోది తప్పితే తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత వాళ్లదే. డాలస్‌కి ఒక్కచోట ఆగి వెళ్లే దారులు దోహా, దుబాయ్, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ ఇలా ఉన్నాయి. గల్ఫ్ మీదుగా అయితే రెండో విమానం చాలా పెద్ద ప్రయాణం, సుమారు 16 గంటలు కూర్చోవాలి, మీవారికి కాళ్ల వాపో షుగరో ఉంటే యూరప్ మీదుగా సగం సగం పడేది నయం. కానీ లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట్ల విమానం మారడానికి కూడా ట్రాన్సిట్ వీసా రూల్స్ ఉంటాయి, అమెరికా వీసా ఉన్నవాళ్లకి మినహాయింపులు ఉంటాయి, అవి మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఆ దేశం ఎంబసీ సైట్లో ఒకసారి చూసుకోమని అల్లుడు గారికి చెప్పండి. సెర్చ్ చేసే సైట్లు మీ పాస్‌పోర్ట్ ఏ దేశానిదో అడగవు, వాటికి మీ వీసా సంగతి తెలియదు.

అల్లుడు గారికి ఇంకో మాట. గూగుల్ ఫ్లైట్స్‌లో పైన స్టాప్స్ అని ఉంటుంది, అక్కడ ఒక స్టాప్ లేదా అంతకన్నా తక్కువ అని పెడితే సగం చెత్త పోతుంది. తర్వాత మొత్తం ప్రయాణ సమయం, ఏ ఊళ్లో మారాలి అనేవి కూడా ఫిల్టర్ చేసుకోవచ్చు. మిగిలినవాటిలో ఒక్కోదాన్నీ తెరిచి మధ్యలో ఎంతసేపు ఆగుతున్నారో చూడాలి. గంటా గంటంపావు అంటే పెద్దవాళ్లకి పరుగే, పది గంటలంటే కుర్చీల్లో జాగారం, రెండున్నర నుంచి నాలుగు గంటల మధ్య ఉంటే హాయి. ఎయిర్‌పోర్ట్ మారాలి అని హెచ్చరిక ఏమైనా ఉందా అది కూడా చూడాలి, లండన్‌లో హీత్రూలో దిగి గాట్విక్‌కి వెళ్లి ఎక్కాల్సినవీ, న్యూయార్క్ జేఎఫ్‌కేలో దిగి లగార్డియాకి వెళ్లాల్సినవీ ఉంటాయి, రేటు తక్కువ కనిపించడానికి ఒక్కోసారి అదే కారణం.

డాలస్ కాకుండా వేరే ఊరు వెళ్లే పెద్దవాళ్లకి ఒక సంగతి. అమెరికాలో మొదట ఏ ఊళ్లో దిగితే అక్కడే ఇమిగ్రేషన్, అక్కడే సామాను తీసుకుని మళ్లీ ఇవ్వాలి. అందుకే పిల్లలున్న ఊరికే నేరుగా దిగే విమానం దొరికితే నాలుగు వేలు ఎక్కువైనా మంచిది, ఆ లైన్లన్నీ అయ్యాక బయటికి వస్తే అమ్మాయో అబ్బాయో కనిపిస్తారు, ఇంకో విమానం పట్టుకోవాలన్న టెన్షన్ ఉండదు. అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది, న్యూయార్క్, చికాగో లాంటి ఊళ్లకి వెళ్లేవాళ్లకి ఇది బాగుంటుంది.

ఇక వీల్‌చైర్ సాయం బుకింగ్‌లోనే పెట్టించుకోండి. నడవగలిగినా పర్లేదు, మొహమాటపడకండి, భాష రానివాళ్లని వీల్‌చైర్ తోసే మనిషి గేటు దాకా తీసుకెళ్లి కూర్చోబెడతాడు, అదే పెద్ద ధైర్యం. రిటర్న్ డేట్ మార్చుకోవడానికి ఎంత కట్టాలో కూడా చూసి కొనమనండి, పురిటికి వెళ్లినవాళ్లు అనుకున్న రోజుకి తిరిగి రావడం అరుదు, చవక టికెట్లలో మార్చుకునే వీలు ఉండదు లేదా ఫీజు బాగా ఎక్కువుంటుంది. అల్లుడు గారు అక్కడి నుంచే ఎయిర్‌లైన్ వాళ్ల అమెరికా సైట్లో నేరుగా కొంటే, ప్రయాణానికి వారం పైన టైమ్ ఉన్నప్పుడు 24 గంటల్లోపు పెనాల్టీ లేకుండా క్యాన్సిల్ చేసుకునే వీలో, డబ్బు కట్టకుండా 24 గంటలు ఆ రేటుకి ఆపి ఉంచే వీలో ఇవ్వాలని అక్కడి ప్రభుత్వ రూల్ ఉంది. మధ్యలో వేరే సైటు ద్వారా కొంటే ఆ రూల్ వర్తించదు, అది గుర్తుంచుకోమనండి.

ప్రశ్న: అన్నా, ఆగస్టులో ఎంఎస్‌కి చికాగో వెళ్తున్నా. రోజూ టికెట్ చూస్తున్నా, చూసిన కొద్దీ పెరుగుతోంది. మనం చూస్తున్నామని తెలిసి సైటు వాళ్లే పెంచుతారు, ఇన్‌కాగ్నిటోలో (బ్రౌజర్ ప్రైవేట్ విండోలో) చూడు అని ఫ్రెండ్స్ అంటున్నారు. నిజమేనా? పొద్దున ఒక సైట్లో ఒక రేటు కనిపించింది, క్లిక్ చేస్తే ఆరు వేలు పెరిగింది. ఒళ్లు మండిపోయింది.
– ఓ విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: తమ్ముడూ, ఇన్‌కాగ్నిటోలో చూసుకో, తప్పేం లేదు, కానీ నీ రేటు పెరగడానికి కారణం మాత్రం నువ్వు మళ్లీ మళ్లీ చూడటం కాదు. విమానంలో ఎకానమీ అంటే మనకి ఒకటే క్లాసులా కనిపిస్తుంది గానీ లోపల అదే సీట్లని పది పన్నెండు రేట్ల కింద విడగొట్టి, ఒక్కో రేటుకి ఒక ఇంగ్లిష్ అక్షరం పెట్టి, ఒక్కోదాంట్లో ఇన్ని సీట్లు అని అమ్ముతారు. అన్నిటికన్నా చవక రేటులో ఉన్న సీట్లు అయిపోగానే ఆ పై రేటు మొదలవుతుంది. ఆగస్టు మొదటి వారాల్లో అమెరికా వెళ్లే విమానాల కోసం నీలాంటి పిల్లలు హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, చెన్నై నుంచి అందరూ ఒకేసారి వెతుకుతూ, ఒకేసారి కొంటున్నారు, చవక సీట్లు ముందే అయిపోతున్నాయి, అదీ సంగతి. ఒక్కోసారి ఎవరో క్యాన్సిల్ చేస్తేనో, ఎయిర్‌లైన్ వాళ్లే మళ్లీ కొన్ని చవక సీట్లు వదిలితేనో తగ్గుతుంది కూడా.

క్లిక్ చేయగానే పెరిగింది అన్నావు చూడు, అది వేరే విషయం. స్కైస్కానర్, కయాక్ లాంటివి టికెట్లు పోల్చి చూపించి వేరే సైట్లకి పంపించేవి, అవి ప్రతిసారీ ప్రతి ఎయిర్‌లైన్‌నీ కొత్తగా అడగవు, కాసేపటి కింద ఇంకెవరో వెతికినప్పుడు వచ్చిన రేటుని దాచిపెట్టుకుని నీకు చూపిస్తుంటాయి. నువ్వు క్లిక్ చేసినప్పుడు అసలు అమ్మే సైటు ఇప్పటి రేటు తీస్తుంది. అందుకే మొదటి పేజీలో కనిపించిన అంకెని నమ్మకు, డబ్బు కట్టే పేజీ వరకూ వెళ్లి అక్కడున్న అంకెనే రాసుకో, మన దేశం సైట్లలో కన్వీనియన్స్ ఫీజు లాంటివి కూడా అక్కడే చివర్లో కలుస్తాయి, కార్డు ఆఫర్లు కూడా అక్కడే తగ్గుతాయి.

నువ్వు ఎంఎస్ చేయబోతున్నావు కాబట్టి ఇది నీకు ఇష్టంగా ఉంటుంది. ఈ టికెట్ వెతకడం అనేది కంప్యూటర్ సైన్స్‌లో చిన్న సమస్య కాదు. రెండు ఊళ్ల మధ్య ఎన్ని దారులు, ఒక్కో దారిలో ఎన్ని విమానాలు, ఒక్కో విమానంలో ఎన్ని రేట్లు, ఏ రేటు దేనితో కలుస్తుంది అనే రూల్స్, ఇవన్నీ గుణిస్తే లెక్కకి అందనన్ని కాంబినేషన్లు వస్తాయి. 1996లో ఎంఐటీ కంప్యూటర్ సైంటిస్టులు అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ఐటీఏ సాఫ్ట్‌వేర్ అని ఒక కంపెనీ పెట్టి దీని మీదే పని చేశారు, ఎంతో కాలం చాలా ఎయిర్‌లైన్స్, ట్రావెల్ సైట్లు వాళ్ల ఇంజిన్‌నే వాడాయి. 2010లో గూగుల్ దాన్ని 70 కోట్ల డాలర్లకి కొంటామని ప్రకటించి 2011 ఏప్రిల్‌లో కొనుగోలు పూర్తి చేసింది, అదే ఏడాది సెప్టెంబర్లో గూగుల్ ఫ్లైట్స్ వచ్చింది. వాళ్ల పాత టూల్ ఐటీఏ మ్యాట్రిక్స్ ఇప్పటికీ ఫ్రీగా వాడుకోవచ్చు, అందులో టికెట్ కొనలేం గానీ ఒక రేటు లోపల అసలు ఛార్జీ ఎంత, పన్నులెంత, ఏ అక్షరం రేటు అనేది విడివిడిగా చూపిస్తుంది. ఒక గంట దాంతో కూర్చో, రేటు ఎందుకు మారుతుందో నీకే అర్థమవుతుంది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. నీ ఐ-20లో (యూనివర్సిటీ వీసా కోసం ఇచ్చే పత్రంలో) ప్రోగ్రామ్ మొదలయ్యే తేదీ ఉంటుంది, దానికి 30 రోజుల కన్నా ముందు అమెరికాలో అడుగు పెట్టనివ్వరు. ఆ 30 రోజులూ గూగుల్ ఫ్లైట్స్ క్యాలెండర్లో చూడు, ఒక్కో తేదీ కింద రేటు ఉంటుంది, తక్కువున్నవి ఆకుపచ్చ రంగులో కనిపిస్తాయి. శని ఆదివారాలు కాకుండా వారం మధ్యలో చూడు. రూమ్ ముందే దొరికితే నాలుగు రోజులు ముందు వెళ్లినా నష్టం లేదు. ట్రాక్ ప్రైసెస్ అనే బటన్ నొక్కితే మారినప్పుడల్లా మెయిల్ వస్తుంది, రోజూ కూర్చుని ఒళ్లు మండించుకునే పని తప్పుతుంది. తర్వాత ఎయిర్‌లైన్ సొంత సైట్లోకి వెళ్లి స్టూడెంట్ అని ఎంచుకుని మళ్లీ చూడు, చాలా ఎయిర్‌లైన్స్ స్టూడెంట్స్‌కి అదనపు బ్యాగేజీ గానీ కొంత తగ్గింపు గానీ ఇస్తాయి, ఈ పోల్చే సైట్లలో చాలావరకు అది కనిపించదు. ప్రెషర్ కుక్కర్, పచ్చళ్లు, దుప్పట్లు సర్దుకుని వెళ్లే నీకు ఒక పెట్టె ఎక్కువ ఇస్తే అది రెండు వేల తేడా కన్నా విలువైంది.

ప్రశ్న: మేం నలుగురం సింగపూర్ వెళ్దామనుకుంటున్నాం. ఒక్కరికి వెతికితే ఒక రేటు, నలుగురికి వెతికితే మనిషికి ఇంకా ఎక్కువ వస్తోంది. నలుగురం కొంటే తగ్గాలి కదండీ?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పైన చెప్పిన రేట్ల గొడవే ఇది కూడా. చవక రేటులో రెండే సీట్లు మిగిలాయనుకోండి, మీరు నలుగురికి అడిగితే ఇద్దరికి చవకగా ఇద్దరికి ఎక్కువగా చూపించకుండా నలుగురికీ కలిపి పై రేటే వేస్తారు, చాలా సైట్లు ఇలాగే పని చేస్తాయి. కాబట్టి ముందు ఒక్కరికి, తర్వాత ఇద్దరికి, తర్వాత ముగ్గురికి వెతకండి, ఎక్కడ రేటు ఎగిరిందో అక్కడ తెలిసిపోతుంది. అప్పుడు ఇద్దరిద్దరుగా రెండు బుకింగ్‌లు చేసుకోవచ్చు. చిన్నపిల్లలుంటే ప్రతి బుకింగ్‌లోనూ ఒక పెద్దవాళ్లు ఉండేట్టు చూడండి, విమానం క్యాన్సిల్ అయితే రెండు పీఎన్ఆర్‌లనీ వేర్వేరుగా మార్చుతారు, కుటుంబం విడిపోయే ప్రమాదం ఉంటుంది. మనిషికి అయిదారొందల కోసమైతే ఆ తలనొప్పి వద్దు.

ప్రశ్న: మా ఆయన కువైట్‌లో పని చేస్తారు. రెండేళ్లకోసారి వస్తారు. పోయినసారి ఫోన్లో అన్నిటికన్నా తక్కువున్న టికెట్ తీశాం, తీరా కౌంటర్లో సామానుకి అంతకంతా కట్టించుకున్నారు. ఈసారి ఒక ఏజెంట్ ఇంకా తక్కువకి ఇస్తానని వాట్సాప్‌లో టికెట్ ఫోటో పంపాడు, డబ్బు వెంటనే వేయమంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, రాజంపేట

జవాబు: చెల్లెమ్మా, డబ్బు ఇంకా వేయకు. ముందు ఆ ఫోటోలో ఉన్న పీఎన్ఆర్, మీ ఆయన ఇంటిపేరు తీసుకుని ఎయిర్‌లైన్ సొంత సైట్లో మేనేజ్ బుకింగ్ అనే చోట కొట్టి చూడు. అసలు అక్కడ కనిపించకపోతే అది టికెట్టే కాదు. కనిపించినా సరిపోదు, ఎందుకంటే ఏజెంట్లు డబ్బు కట్టకుండా కొన్ని గంటల పాటు సీటు హోల్డ్ చేసి ఆ పీఎన్ఆర్‌నే టికెట్ అని పంపొచ్చు, హోల్డ్ టైమ్ అవగానే అది దానంతటదే పోతుంది. పెద్ద ఎయిర్‌లైన్స్‌లో నిజంగా టికెట్ అయితే 13 అంకెల ఈ-టికెట్ నంబర్ ఉంటుంది, మొదటి మూడు అంకెలు ఆ ఎయిర్‌లైన్‌వి, ఎయిర్ ఇండియా అయితే 098, ఎమిరేట్స్ 176, ఖతార్ 157 ఇలా. బడ్జెట్ ఎయిర్‌లైన్స్‌లో ఈ నంబర్ ఉండకపోవచ్చు, అప్పుడు వాళ్ల సైట్లో బుకింగ్ కన్ఫర్మ్ అయ్యి డబ్బు కట్టినట్టు చూపిస్తుందో లేదో చూడాలి. నమ్మకమైన ఏజెంట్లు చాలామంది ఉన్నారు, ఊళ్లో ఆఫీసు పెట్టుకుని ఏళ్ల తరబడి మనవాళ్లని పంపిస్తున్నవాళ్లు, వాళ్ల దగ్గర కొనడంలో తప్పులేదు. కానీ మొహం తెలియని మనిషి వెంటనే వేసెయ్ అని తొందరపెడితే అది మంచి లక్షణం కాదు. మీ ఆయన ఎండలో కష్టపడి పంపిన డబ్బు అది.

సామాను సంగతికొస్తే, వెతికేటప్పుడు ముందు కనిపించే రేటులో చాలాసార్లు చెక్-ఇన్ బ్యాగేజీ ఉండదు లేదా తక్కువుంటుంది, ముఖ్యంగా బడ్జెట్ ఎయిర్‌లైన్స్‌లో. రెండేళ్లకి ఇంటికొచ్చే మనిషి చేతి సంచితో రాడు కదా, పిల్లలకి, అత్తగారికి, చుట్టాలకి తెస్తాడు. అందుకని ముందే ఎన్ని కిలోలు తేవాలో అడుగు. తర్వాత ప్రతి ఎయిర్‌లైన్‌కీ టికెట్ రేటు, అన్ని కిలోలకి ఆన్‌లైన్‌లో ముందే కొంటే అయ్యే ఖర్చు, ఈ రెండూ కలిపి ఒక కాగితం మీద రాయి. కౌంటర్ దగ్గర కట్టేది మామూలుగా ముందే కొన్నదానికన్నా ఎక్కువే ఉంటుంది. అలా కలిపితే తక్కువ అనుకున్న విమానం ఎక్కువై, 30 కిలోలు టికెట్‌లోనే ఇచ్చే పెద్ద ఎయిర్‌లైన్ చవకవడం మామూలే.

ఇంకోటి, ఒక్క ఊరికే వెతకొద్దు. గూగుల్ ఫ్లైట్స్‌లో దిగే చోట ఒకటి కన్నా ఎక్కువ ఎయిర్‌పోర్టులు పెట్టొచ్చు, చెన్నై, హైదరాబాద్, బెంగళూరు, తిరుపతి అన్నీ కలిపి పెట్టు. రాజంపేటకి చెన్నై నుంచి రావడం హైదరాబాద్ నుంచి వచ్చినదానికన్నా దగ్గర, హైదరాబాద్ టికెట్ రెండు వేలు తక్కువున్నా అక్కడి నుంచి బస్సు, తిండి, ఒక రాత్రి ప్రయాణం కలిపితే ఏం మిగలదు. కారు మాట్లాడుకుని మీరంతా తీసుకురావడానికి వెళ్లేట్టయితే ఆ ఖర్చు కూడా అదే కాగితం మీద రాయి. అర్ధరాత్రి దిగే విమానాలు ఒక్కోసారి చవకగా ఉంటాయి, తెల్లవారేదాకా ఎయిర్‌పోర్టులోనే కూర్చుని వెలుతురు వచ్చాక బయలుదేరమను, నిద్రమత్తులో ఆ రోడ్డు మీద కారు వద్దు.

ప్రశ్న: మంగళవారం కొంటే చవక అంటారు, ఎన్ని రోజుల ముందు కొనాలి?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: కొనేది మంగళవారమా ఇంకోరోజా అన్నది పెద్దగా తేడా చేయదు, ఎగిరేది ఏ రోజన్నది చేస్తుంది. సంక్రాంతికి, దసరాకి, డిసెంబర్ సెలవులకి అయితే తేదీ ఖాయమైన రోజే చూడటం మొదలుపెట్టండి, ఆఖర్న తగ్గుతుందని ఎదురుచూడకండి, ఆ రోజుల్లో తగ్గదు. మామూలు రోజుల్లో ట్రాకింగ్ పెట్టుకుని కొన్ని వారాలు చూస్తే ఆ రూటులో మామూలు రేటు ఎంతో మీకే తెలుస్తుంది, దానికన్నా తక్కువ కనిపించినప్పుడు కొనేయండి. కొన్నాక మళ్లీ చూడటం మానేయండి.

ప్రశ్న: మా అబ్బాయి పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉంది, పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంది. టికెట్ బుక్ చేసేటప్పుడు సైటు సర్‌నేమ్ లేకుండా ముందుకి వెళ్లనివ్వడం లేదు. ఇంటిపేరు రాసేయమంటారా?
– ఓ పాఠకుడు, కాకినాడ

జవాబు: సొంతంగా ఇంటిపేరు రాయకండి, పాస్‌పోర్టులో లేనిది టికెట్‌లో ఉంటే కౌంటర్లో ఇబ్బంది. అమెరికా వీసా ఉంటే దాని మీద చూడండి, ఇలాంటివాళ్లకి మొత్తం పేరుని సర్‌నేమ్‌లో వేసి గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని వేస్తారు. టికెట్‌కి ఒక్కో ఎయిర్‌లైన్‌ది ఒక్కో పద్ధతి, కొందరు అదే పేరు రెండు గళ్లల్లోనూ రాయమంటారు, కొందరు ఎఫ్ఎన్‌యూ ఒప్పుకుంటారు, కాబట్టి ఆ ఎయిర్‌లైన్ కస్టమర్ కేర్‌కి రాతపూర్వకంగా అడిగి, వాళ్లు చెప్పినట్టు నింపి, ఆ జవాబు ప్రింట్ తీసి అబ్బాయి చేతికివ్వండి. ఈ టికెట్ మాత్రం ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా కొనండి, పేరు సరిచేయాల్సి వస్తే మధ్యలో ఉన్న సైటుకీ ఎయిర్‌లైన్‌కీ మధ్య తిరగడం చాలా కష్టం. దుబాయ్ వైపు విజిట్ వీసా మీద వెళ్లేట్టయితే ఇంకా జాగ్రత్త, పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్నవాళ్లని అనుమతించం అని యూఏఈ 2022 నవంబర్లోనే చెప్పింది. సమయం ఉంటే టికెట్ కన్నా ముందు పాస్‌పోర్టులో సర్‌నేమ్ వేయించే పని పెట్టుకోండి. వీసా ముందే వచ్చేసి ఉంటే మాత్రం ఆ మార్పు చేసేముందు వీసా ఇచ్చినవాళ్లని అడగండి, పాత పేరు మీదున్న వీసాకి కొత్త పాస్‌పోర్టు కలవకపోతే మళ్లీ మొదటికొస్తుంది.